తొంభై ఏడూ తొంభై ఏడూ, నడుమ ఒక జట్కా

ఆళ్లగడ్డలో ఓట్లు పడి ఆరు రోజులైంది. లెక్కపెట్టడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆ నడుమ రోజుల్లో ఊళ్లో ఎవరికీ వేరే మాట లేదు. గొడుగు గుర్తువాళ్లు వస్తారా, దీపం గుర్తువాళ్లు వస్తారా, లేకపోతే ఇద్దరికీ చాలినంత బలం రాక కొత్త రాజధాని కర్నూల్లో సర్కారే నిలబడకుండా పోతుందా అని ఒకటే వాదన. కిందటి సర్కారు ఒక్క ఓటు తేడాతో కూలిపోయి మూడు నెలలే అయింది. అందుకని ఆ భయం ఉత్త భయం కాదు.

బస్టాండు ఎదురుగా దాదా ఖలందర్ టీ అంగడి. నేను ఆ ఊరి బోర్డు స్కూల్లో కొత్తగా చేరిన అయివారిని. ఆ రోజు ఆదివారం కాబట్టి పొద్దున్నే వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. నా పక్కన గానుగ నడిపే మద్దిలేటి. మాకు ఎదురుగా, తన జట్కా నొగ మీద కాళ్లు వేలాడేసుకుని చెన్నకేశవులు.

జట్కాకు ఆయన గుర్రం బిజిలీ కట్టే ఉంది గానీ ఎక్కేవాళ్లు లేరు. ఓట్ల రోజున మూడు మైళ్ల అవతలున్న కొట్టాల అనే ఊరి కామందు మాట కాదన్నాడని, తన కిందున్న నాలుగు ఊళ్లలో ఎవరూ చెన్నకేశవులు బండి ఎక్కకూడదని ఆ కామందు చెప్పించాడు. ఆరు రోజులుగా ఎవరూ ఎక్కలేదు. ఇంకొకడైతే ఇంట్లో ముసుగు తన్ని పడుకునేవాడు. ఈయన మాత్రం రోజూ తెల్లారే గుర్రాన్ని కడిగి, దాని నుదుటికి ఎర్ర కుచ్చు కట్టి, నడిబజారులో నిలబెట్టి కబుర్లు మొదలుపెట్టేవాడు.

ఖలందర్ పేపరు మడిచి పక్కన పెట్టాడు. "మళ్ల తగ్గించినారు. నెల కిందట గొడుగోళ్లకు నూటా ఇరవై సీట్లు అని రాసిరి. మొన్న నూటా అయిదు. ఈ పొద్దు ఎవురికీ చాలవంట."

"ఆ పేపరోళ్లకు ఆ లెక్క ఎవురు చెప్పినారనుకుంటాండావ్ దాదా?" అన్నాడు చెన్నకేశవులు.

"ఎవురు?"

"నేను."

మద్దిలేటి నా వైపు చూసి కన్ను గీటాడు. చెన్నకేశవులు అది చూశాడు. చూసి కూడా ఇంకాస్త నిటారుగా కూర్చున్నాడు.

"నవ్వుకోండప్పా, నవ్వేదానికి దుడ్లు అడగరు. నేను చేసింది పెద్ద పనేం కాదు. నెల కిందట నంద్యాల టేషన్లో గుంతకల్లు బండి దిగినాడు ఒకాయప్ప, మద్రాసు పేపరాయన. కండ్లద్దాలు, జేబులో రెండు పెన్నులు, చంకలో ఇంత లావు పుస్తకం. ఆళ్లగడ్డకు పోవల్ల అన్నాడు. బస్సుంది గదా సామీ అంటే, బస్సులో పోతే మనుషుల్తో మాట్లాడేదానికి కాదు, నాకు దోవలో ప్రతి ఒక్కర్నీ అడగాల్సిన పనుంది అన్నాడు. ఏందయ్యా ఆ పని అంటే, ఓటు పడకముందే ఎవురికి పడతాదో కనుక్కోవడం అంట. దానికి జీతం గూడా ఇస్తారంట."

"పడకముందే యెట్ల తెలుస్తాది?" అన్నాడు మద్దిలేటి.

"నేనూ అదే అడిగినా. అడిగేదే గదా, చెప్తారు అన్నాడు. సరే ఎక్కమన్నా. అయ్యలూరు దాటినాక ఒక రైతు ఎదురైనాడు, ఎద్దుల్ని తోలుకోని పోతాండాడు. ఈ పేపరాయన బండి ఆపించి, అయ్యా తమరు గొడుగా దీపమా అని అడిగె. ఆ రైతు ఆయన బూట్లు చూసె, పెన్నులు చూసె, రెండూ మంచివే సామీ అని ఎద్దుల్ని అదిలించె. పేపరాయన పుస్తకంలో తేలలేదు అని రాస్కున్నాడు. నేను వెనక్కి తిరక్కుండానే చెప్పినా, తేలకుండా ఏమిలే సామీ, గొడుగు అని రాస్కో. నీకెట్ల తెలుసునయ్యా అన్నాడు. పదైదేండ్లుగా మనుషుల్ని ఎక్కించుకుంటాండా. పెండ్లికి పోయేటోడు యెట్ల కూర్చుంటాడో, కోర్టుకు పోయేటోడు యెట్ల కూర్చుంటాడో వీపుకే తెలుస్తాది నాకు. ఓటు తెలీదా? ఆయప్ప నమ్మలే. బండి దిగి, పరిగెత్తి ఆ రైతును పట్టుకుని చెవిలో అడిగొచ్చినాడు. వచ్చి నా పక్కన కూర్చుండె, ఈసారి వెనక సీట్లో గాదు. గొడుగే అన్నాడు. అట్ల శిరివెళ్ల చేరేలోపల ఆరుగురు. ఆరుకు ఆరు నేను చెప్పిందే."

"ఆరుగురేనా," అన్నాడు ఖలందర్, గ్లాసులు కడుగుతూ.

"ఆరుగురంటే నీకు తక్కువగా వుందా? సరే విను. ఆ పొద్దు శిరివెళ్లలో సంత. మూడువేల మంది. పేపరాయనకు దిగులు పట్టుకునె, ఇంతమందిని అడగాలంటే నాకు నెల పడతాది అని. నేను ఒక బీడీ ముట్టించినా. సంత ఈ కొన నుంచి ఆ కొనకు బండి తోలినా. బీడీ అయిపోయె, లెక్కా అయిపోయె. పదహైదు నూర్ల ముగ్గురు గొడుగు, పదహైదు నూర్ల ఇద్దరు దీపం. మిరపకాయలమ్మే ఆమె ఒక్కతి మాత్రం ఆలోచిస్తాంది, ఆమెకు మాపటేలదాకా టైము ఇయ్యమని చెప్పినా."

మద్దిలేటి టీ పక్కన పెట్టాడు. "అంటే నువ్వు మూడువేల మొహాలు చూసినావ్."

"మొహాలు యాడ చూసినా? చెప్తి గదప్పా, నాకు వీపు చాలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మైలుకొక మాదిరి మారతా వచ్చె. నంద్యాలలో ఎక్కినప్పుడు ఆయప్ప పుస్తకంలో గొడుగోళ్లకు నూటా ఇరవై. అయ్యలూరులో నూటా పది. శిరివెళ్ల సంతలో నూటా అయిదు. బత్తలూరు కాడ నూటా ఒకటి. ఆయప్పకు చెమట్లు పట్టె. బండి మెల్లగా పోనీవయ్యా, నువ్వు తోలేకొద్దీ తగ్గిపోతాండాయి అంటాడు. నేనేం చేసేది? బిజిలీ నడిచేకొద్దీ ఊర్లు వస్తాండాయి, ఊర్లు వచ్చేకొద్దీ నిజం బయటపడతాంది. ఆళ్లగడ్డ పొలిమేర రాయి కాడ బిజిలీ ఆగిపోయె. కదల్లే. చెర్నాకోల చూపించినా కదల్లే. కుడికాలు ఎత్తి నేల మీద కొట్టడం మొదలుపెట్టె. పేపరాయన ఎంచుతా వుండాడు. తొంభై ఏడు దెబ్బలు. ఆపె. మళ్ల ఎడంకాలు ఎత్తె. తొంభై ఏడు దెబ్బలు. ఆపె."

"గుర్రమా?" అన్నాను నేను. ఊరుకోలేకపోయాను.

"గుర్రమే అయివారూ. నా దగ్గర ఆరేండ్లుగా వుంది, మీ బళ్లో పిల్లోళ్లకంటే బాగా ఎంచుతాది. గొడుగు తొంభై ఏడు, దీపం తొంభై ఏడు. మిగిలింది ఆళ్లగడ్డ ఒక్కటే."

"మొత్తం సీట్లు నూటా తొంభై ఆరు. తొంభై ఏడూ తొంభై ఏడూ నూటా తొంభై నాలుగు. ఆళ్లగడ్డతో నూటా తొంభై అయిదు. ఇంకొకటేమైంది?" అన్నాను.

చెన్నకేశవులు నా మొహంలోకి జాలిగా చూశాడు. "ఆ ఇంకొకాయన స్వతంత్రుడు అయివారూ. సర్కారు ఎవురిదైనా ఇల్లు కదలడు. ఆయన్ని లెక్కేసుకుంటే మనమే నష్టపోతాం."

ఖలందర్ నవ్వు ఆపుకోలేక పొయ్యి మీదికి వంగి ఊదాడు. అప్పుడే నంద్యాల బస్సు వచ్చి ఆగింది. దిగినవాళ్లలో చాలామంది ఎవరి దోవన వాళ్లు పోయారు. ఒక ముసలామె మాత్రం తలమీద పెద్ద గుడ్డమూట పెట్టుకుని అంగడి దగ్గరికి వచ్చి, జట్కా వెనక ఉన్న రాతిబండ మీద కూర్చుంది. మూట దించేటప్పుడు గాజులు గలగలమన్నాయి. ఖలందర్ ఆమెకు సలాం పెట్టి, ఏమీ అడక్కుండానే టీ ఇచ్చాడు. చెన్నకేశవులు ఆ వైపు తిరగలేదు. మాకు ఎదురుగా ఉన్నాడు గదా, ఆయన వీపు ఆమె వైపుంది.

"ఇంగ చూడప్పా, పేపర్లో పడిందో లేదో, టెలిగ్రాములు. కర్నూలు నుంచి నాలుగు, బెజవాడ నుంచి రెండు, ఢిల్లీ నుంచి ఒకటి. పోస్టాయన నా ఇంటికి తిరగలేక, మా ఇంటామె జానకమ్మను అడిగి దొడ్లో మంచమేసుకున్నాడు. మూడోరోజు పద్దన చూస్తే రెండు కార్లు. ఒకదాంట్లో గొడుగోళ్ల పెద్దాయన, ఇంకోదాంట్లో దీపమోళ్ల పెద్దాయన. పేర్లు చెప్తే బాగుండదు, పెద్దోళ్లు. ఇద్దరూ ఒకేసారి గడప తొక్కబోయి తలలు గుద్దుకున్నారు. మా జానకమ్మ ఊరుకుంటాదా? గుర్రం కాడ గలీజుగా వుంది, ముందు ఆ గాటిపాట చిమ్మండి, ఆ తర్వాత మా ఆయన మాట్లాడతాడు అనె. చిమ్మినారప్పా. ఖద్దరు పంచెలు ఎగ్గట్టి, ఒకరు ఈ మూల, ఒకరు ఆ మూల."

"మంచి పని చేసింది," అన్నాడు మద్దిలేటి, మొదటిసారి మనస్ఫూర్తిగా.

"చిమ్మి వచ్చి నిలబడిరి. ఒకాయన అంటాడు, చెన్నకేశవులన్నా, ఆళ్లగడ్డ మాకు ఇప్పియ్, నిన్ను మంత్రిని చేస్తాం. ఏం మంత్రి? జట్కాల మంత్రి. ఇంకొకాయన అంటాడు, మేం జట్కాలతోపాటు ఒంటెద్దు బండ్లు గూడా ఇస్తాం. నేనేమన్నానో తెలుసా? నిలబడి చెప్పినా, కూర్చోని గాదు. అయ్యా, నా బండికి నేనే మంత్రిని. మీకు చాలినన్ని సీట్లు వస్తే ఈ దోవలో మళ్ల అయిదేండ్లు మీ కారు దుమ్ము గూడా కనపడదు. చాలకపోతే గదా మా గడప గుర్తొచ్చింది. మీకు ఎప్పుడూ చాలకుండానే వుండల్ల. రోజూ వచ్చి చిమ్మి పోవల్ల. పోండి అన్నా. పోయినారు."

ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు మారింది. కోతలు కోసే గొంతు కాదు అది. బజారులో పోతున్న ఇద్దరు కొట్టాల మనుషులు జట్కాను చూసి తల పక్కకు తిప్పుకుని పోయారు. చెన్నకేశవులు వాళ్లను చూశాడు. గొంతు ఇంకా పెంచాడు, వాళ్లకు వినపడేటట్లు.

"ఇంగ ఓట్ల రోజు. మీ బళ్లోనే గదా అయివారూ పెట్టెలు పెట్టింది. గొడుగు పెట్టె ఒకటి, దీపం పెట్టె ఒకటి, ముందర తెర. మాపటేల నాలుగు గంటలకు నేను బడి గోడకు ఆనుకోని లెక్క చూసుకుంటాండా. పదహారు వేల నాలుగు నూర్ల పన్నెండు ఈ పక్క. పదహారు వేల నాలుగు నూర్ల పన్నెండు ఆ పక్క. సమానం. ఆళ్లగడ్డ తేలకపోతే కర్నూలు తేలదు, కర్నూలు తేలకపోతే మళ్ల సర్కారు కూలతాది, మళ్ల ఎలచ్చన్లు, మళ్ల ఆ కార్లు, ఆ మైకులు. ఓటు వేయనోళ్లు ఎవురున్నారబ్బా అని జ్ఞాపకం చేసుకుంటి. కామందుకు భయపడకుండా వచ్చేటోళ్లు ఒక్కరే మిగిలిండారు. కొట్టాలలో గాజులమ్మే పీరాంబీ."

జట్కా వెనక బండ మీద గాజులు ఒకసారి గలగలమని ఆగిపోయాయి. ఖలందర్ నా వైపు చూసి, పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. నాకు అప్పుడు అర్థమైంది, ఆమె ఎవరో.

"కొట్టాల నుంచి ఎవురూ ఓటుకు పోగూడదని దీపం పక్కనుండే కామందు ఆర్డరు. నా ఊరి వాళ్లంతా గొడుగుకే వేస్తారు, అందుకని అసలు పోనేవద్దు అని ఆయప్ప లెక్క. ఊరు ఊరంతా తలుపులేసుకుండె. నేను బిజిలీని కట్టి మూడు మైళ్లు మూడు నిమిషాల్లో పోయినా. పీరాంబీ అరుగు మీద కూర్చోని గాజులు ఎంచుకుంటాంది. అత్తా, కర్నూల్లో సర్కారు నీ చేతిలో వుంది, లెయ్ అన్నా. గాజులు సర్దిపెట్టొస్తా వుండు అనె. సర్దింది, ఎక్కింది. దోవలో అడిగినా, గొడుగుకే గదా అత్తా అని. తల ఊపింది. ఇంగ నాకేం కావల్ల? వంక కాడికి వచ్చినాం. దోవకు అడ్డంగా నిలబడినారు కామందు మనుషులు. ముప్పై మంది. చేతుల్లో కట్టెలు."

"ముప్పై మందా?" అన్నాను.

"ముందు వరసలో. వెనక ఇంకో డెబ్బై మంది. చెట్ల చాటున ఇంకో నూరు."

"ముప్పై అంటివి, రెండొందలైరి," అన్నాడు మద్దిలేటి.

"నేను చెప్పేలోపల వచ్చినారప్పా మిగతావాళ్లు. బండి తిప్పు అన్నారు. నేను నొగ మీద లేచి నిలబడి చెప్పినా, వంక ఆ దరిన మేపుకునే గొర్రెలోళ్లకు గూడా వినపడేటట్లు. ఒరే, ఈ బండి మీ కామందుది గాదు. ఈ దోవ మీ కామందుది గాదు. ఆయమ్మ ఓటు అంతకంటే గాదు. మా తాత కాలం నుంచి మీ కామందు ఇంటి ముందర చెప్పులు చేతిలో పట్టుకోని నడిచినాం, ఇంగ నడిచేది లేదు. తిప్పను. మీరు రెండొందలు గాదు రెండువేల మంది రాండి, తిప్పను. అని చెర్నాకోల ఒక్కసారి గాల్లో ఝాడించినా. బిజిలీ ఎగిరె. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మళ్ల దిగలే. వంక దాటె, చింతతోపు దాటె, ఇంకా పైకి పోతాంది. కింద ఆళ్లగడ్డ తమలపాకంత కనపడె. ఆ పక్క అహోబిలం గోపురం, నల్లమల అంతా పచ్చగా పరిచినట్లు, ఇంకా పైకి పోతే కృష్ణ నీళ్లు. కర్నూల్లో సర్కారు ఆఫీసులు పెట్టిన డేరాలన్నీ వరసగా కనపడినాయి. డేరాల్లో గుమాస్తాలు బయటికి వచ్చి, చెన్నకేశవులన్నా బేగా పో, టైము అయిదైతాంది అని చేతులూపిరి."

"పీరాంబీ భయపడలే?" అన్నాడు ఖలందర్, మొహంలో ఏమీ కనపడనీయకుండా.

"ఆయమ్మకేం భయం? ఇంకా గట్టిగా తోలు చెన్నకేశా అంటాంది. కానీ అప్పుడే చూస్తి, సూర్యుడు పడమట దిగిపోతాండాడు. అయిదు కొడితే బడి గేటు మూస్తారు. ఏం చేయాల? చెర్నాకోల ఇసిరినా. కొస పోయి సూర్యునికి చుట్టుకునె. లాగి పట్టినా. చేతులు బొబ్బలెక్కె, ఇడిస్తినా? మూడు నిమిషాలు ఆ సూర్యుడు యాడికీ కదల్లే. ఆ మూడు నిమిషాల్లో బండి బడి ముందర దిగింది, పీరాంబీ లోపలికి పోయింది, వేలికి సిరా పూసిరి, తెర వెనక్కి పోయింది, కాగితం గొడుగు పెట్టెలో పడింది. ఆ చప్పుడు కర్నూల్లో వినపడె. అంతే. తొంభై ఎనిమిది. సర్కారు వచ్చేసిందప్పా. నాలుగు రోజుల తర్వాత లెక్కపెట్టేది ఉత్త తంతు. ఆ కామందు నా బండి ఎవురూ ఎక్కగూడదని చెప్పిచ్చినాడే, ఎక్కకపోతే పోనీ. సర్కారు ఎక్కింది నా బండి. ఇంగెవురు ఎక్కల్ల?"

నొగ మీద అరచేత్తో చరిచి, మా ముగ్గురినీ చూశాడు.

"ముగ్గురు," అంది వెనకనుంచి ముసలామె.

చెన్నకేశవులు వెనక్కి తిరిగాడు. తిరిగి, నొగ మీద నుంచి దిగాడు. "అత్తా. నువ్వెప్పుడొచ్చినావ్?"

"నీ టెలిగ్రాములు వచ్చేటప్పుడు వచ్చినా," అంది పీరాంబీ. టీ గ్లాసు కింద పెట్టి మా వైపు తిరిగింది. "రెండొందల మంది లేరు అయివారూ. ముగ్గురు. బండి తిప్పమని చెప్పిరి. ఈయప్ప తిప్పలే. అంత పెద్ద మాటలేం చెప్పలే. తిప్పను అని ఒక్క మాట అన్యాడు, అదిగూడా రెండుసార్లు మింగి అన్యాడు. కళ్లెం మాత్రం వదల్లే, నేను వెనక కూర్చోని చూస్తాండా. వాళ్లు గుర్రాన్ని ఇప్పేసి చేన్లలోకి తరిమిరి. దాని ఈపు మీద కట్టెతో కొట్టిరి గూడా. ఈయప్ప కండ్లల్లో నీళ్లు తిరిగె. మళ్ల నా చెయ్యి పట్టుకుని దించి, నడుద్దాం పా అత్తా అన్యాడు. రెండు మైళ్లు నడిచినాం. దోవ పొడుగునా వెనక్కి తిరిగి గుర్రం వస్తాందేమోనని చూస్తానే వుండాడు. అది మరుసటి రోజు పద్దన దానంతట అదే ఇల్లు చేరిందంట."

బిజిలీ తోక ఆడించుకుంటూ ఉంది.

"జరిగింది అది," అంది పీరాంబీ. "అది చెప్పుకోవడానికి నీకు సిగ్గెందుకు చెన్నకేశా? దానికి రెక్కలెందుకు?"

చెన్నకేశవులు తల వంచుకుని కళ్లెం తోలును వేళ్లకు చుట్టుకున్నాడు. "గుర్రాన్ని కొట్టింది చెప్పేదానికి నోరు రాలే అత్తా," అన్నాడు.

మద్దిలేటి మాట మార్చాడు. "అయితే నువ్వు ఓటు వేసింది మాత్రం నిజమే గదా పీరాంబీ?"

ఆమె చూపుడువేలు చూపించింది. సిరా ఇంకా పూర్తిగా పోలేదు.

"గొడుగుకే గదా?"

"ఎవురు చెప్పినారు?"

"నువ్వు తల ఊపినావంట గదా, దోవలో అడిగితే."

"తల ఊపలే. బండి ఊగింది."

ఖలందర్ చేతిలో గ్లాసు జారి నీళ్ల బకెట్లో పడింది. చెన్నకేశవులు తల ఎత్తి చూశాడు. "అంటే దీపానికి వేసినావా అత్తా?"

"అదీ నేను చెప్పలే. కామందు మనుషులు నన్ను గొడుగు అనుకుని దోవకు అడ్డం పడిరి. నువ్వు గొడుగు అనుకుని దోవ పొడుగునా నడిపించుకోని పోతివి. మీ రెండు పక్కలోళ్లూ ముందే తెలుసుననుకుంటిరి. తెర కట్టింది దేనికి? నాకూ ఆ పెట్టెలకూ నడుమ ఇంకెవురూ వుండగూడదనే గదా. అరవై ఏండ్లలో నేను ఒక్కదాన్నే నిలబడి చేసిన పని అదొక్కటి. దాన్ని నీ పేపరోళ్లకు గూడా చెప్పను."

నేను వేళ్ల మీద లెక్క వేసి చెప్పాను. "అయితే చెన్నకేశవులూ, మళ్లీ తొంభై ఏడూ తొంభై ఏడే."

"ఆగండి అయివారూ." చెన్నకేశవులు ఖలందర్ వైపు తిరిగాడు. ఆయన గొంతులో మొండితనం మళ్లీ తల ఎత్తింది. "ఆయమ్మ సంగతి వదిలెయ్. దాదా, నువ్వు గొడుగు. సంక్రాంతి ముందర నా బండిలో నంద్యాలకు పోతా నువ్వే చెప్పినావ్."

ఖలందర్ బకెట్లోంచి గ్లాసు తీసి తుడిచాడు. "కళ్లెం నీ చేతిలో వుండె చెన్నకేశన్నా. నీకు నచ్చని మాట చెప్పి, బత్తలూరు కాడ దిగి నడవాల్నా?"

"మద్దిలేటీ, నువ్వు?"

మద్దిలేటి ఖాళీ టీ గ్లాసు లోపలికి చాలా శ్రద్ధగా చూస్తూ ఉన్నాడు.

చెన్నకేశవులు మమ్మల్నందర్నీ ఒకసారి చూశాడు. పదిహేనేళ్ల వీపు లెక్క ఒక్క పూటలో పోయింది. కోపం వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. గుర్రం దగ్గరికి పోయి, దాని వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "సరే," అన్నాడు. "ఎవురు యా పెట్టెలో వేసినా నాకేం. నేను తిప్పలే. అది మాత్రం ఎవురూ తీసేయలేరు."

"ఎవురు తీసేస్తామన్నారు?" అంది పీరాంబీ. లేచి మూట ఎత్తుకుంది. "ఎండ ఎక్కతాంది. కొట్టాలకు పోవల్ల. ఈ మూట లోపల పెట్టు."

ఆ మాటకు మద్దిలేటి కూడా తల ఎత్తాడు. బజారులో పోతున్న ఒకరిద్దరు ఆగారు.

చెన్నకేశవులు మూట అందుకోలేదు. "అత్తా, నా బండి ఎక్కగూడదని కామందు..."

"వింటి. ఆరు రోజులుగా ఇంటింటికీ వచ్చి చెప్తాండారు. కొట్టాల బస్సు అర్ధగంటలో వుంది, అదెక్కి పోవచ్చు. పోను. నడిబజారులో, అందరూ చూస్తాండంగ, నీ బండే ఎక్కతా. ఊర్లోకి గూడా కామందు ఇంటి ముందర నుంచే పోనీ."

ఆయన మూట అందుకున్నాడు. సీటు కింద జాగ్రత్తగా పెట్టి, తన తువ్వాలు తీసి దాని చుట్టూ కుక్కాడు, గాజులు పగలకుండా. ఆమె ఎక్కి కూర్చుంది. తను నొగ మీద కూర్చుని కళ్లెం పట్టుకున్నాడు. చెర్నాకోల తీయలేదు. రెండడుగులు కదిలాక ఆయన గొంతు మళ్లీ వినపడింది.

"అయినా అత్తా, ముగ్గురు గాదు. నలుగురు."

"ముగ్గురే."

"సరే, ముగ్గురే. కానీ ఆ ఎడం పక్కోడు ఇద్దరంత లావుండె."

"వాడు మా మస్తాన్‌బీ కొడుకు," అంది పీరాంబీ. "నేను ఎత్తుకుని పెంచినోడు. పుల్ల మాదిరి వుంటాడు."